వంతెన అవతలి హారన్

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పెరిగిన రోజుల్లో, నాన్న కారుకి హారన్ ఉందన్న సంగతే మర్చిపోయేవాళ్లం... అమెరికా వచ్చాక ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఒక్క చోట తప్ప.

పెన్సిల్వేనియాలో యాపిల్ తోటలకి వెళ్లే దారిలో, వాగు మీద ఒక పాత చెక్క వంతెన ఉండేది. పైన ఇంటికి ఉన్నట్టు కప్పు, రెండు పక్కలా చెక్క గోడలు. గుర్రపు బళ్ల కాలం నాటిది. వానకీ మంచుకీ దూలాలు చీకిపోకుండా అలా కప్పేవారట. లోపల పగలే చీకటి... ఒక్క కారే పట్టేది. అవతల రోడ్డు మలుపు తిరగడంతో ఎదురొచ్చేవాళ్లు కనిపించరు. అందుకే హారన్ కొట్టి వెళ్లమని బోర్డు. నాన్న అక్కడ తనివితీరా కొట్టేవారు.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో, వారం పాటు కురిసిన వాన తెరిపిచ్చాక వెళ్లాం. నాన్న హారన్ కొట్టారు. అవతలినుంచి ఇంకో హారన్ బదులు పలికింది... మా దానికన్నా బొంగురుగా, ఇంకాస్త సాగి.

"ఎవరో ఉన్నారు. ముందు వాళ్లని రానిద్దాం," అని నాన్న బ్రేక్ మీద కాలు పెట్టారు.

ఎవరూ రాలేదు.

"ఎవరూ లేరు, పదండి," అంది అమ్మ. "విజయవాడలో ఏనాడైనా ఎవరికైనా దారిచ్చారా మీరు? మర్యాదంతా ఇక్కడే."

"ఉండవే, కొట్టాడుగా. వస్తాడు."

మళ్లీ కొట్టారు. మళ్లీ అదే బదులు... ఆ వెంటనే లోపల చెక్క కిర్రుమంది. మా కళ్ల ముందే వంతెన నడుమ పలకలు కుంగి వాగులో పడ్డాయి. ఆ కంతలోంచి, కిందినుంచి పైకి వెలుతురు వచ్చింది.

అమ్మ వెనక్కి చెయ్యి చాచి నా సీట్ బెల్ట్ పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

వంతెన మూసేశారు. ఏళ్ల తర్వాత మరమ్మతు మొదలైనప్పుడు నేను కాలేజీ పత్రికకి రాస్తున్నాను. అదే నా మొదటి వార్త. పని చూస్తున్న వడ్రంగి ఆవిడ చీకిన దూలం చూపించింది. కప్పు కారి, నీళ్లన్నీ దాని మీదే పడ్డాయట. వేళ్లతో నలిపితే పొడైంది.

హారన్ సంగతి అడిగాను.

"ఎకో అయ్యుంటుంది. ఆ వానలకి అవతలి రోడ్డు అప్పటికే కొట్టుకుపోయింది. అటు ఏ కారూ వచ్చే వీల్లేదు."

"ఎకో మా హారన్‌కన్నా ఎక్కువసేపు మోగుతుందా?"

ఆవిడ సుత్తి అందుకుని పనిలోకి వెళ్లిపోయింది. వార్తలో దూలం గురించే రాశాను.

వంతెన తెరిచాక ముగ్గురం వెళ్లాం. నల్లటి పాత చెక్కల మధ్య కొత్త దూలాలు తెల్లగా ఉన్నాయి... బోర్డు తీసేసి సిగ్నల్ పెట్టారు. గ్రీన్ వచ్చింది. అయినా నాన్న హారన్ కొట్టారు.

బదులు రాలేదు.

"గ్రీన్ ఉంది నాన్నా, వెళ్దాం," అన్నాను.

"ఆగండి," అంది అమ్మ. "ఇంకాసేపు చూద్దాం."

సిగ్నల్ ఎర్రబడేదాకా అలాగే కూర్చున్నాం...

ఇప్పుడు దారి ఎలా ఉందో ఫోనే చెబుతోంది. ఆ పక్కకి వెళ్తే మాత్రం, ఒక్కసారి అద్దం దించి హారన్ కొట్టండి... ఏమైనా వినిపిస్తే నాకు చెప్పండి.