పాప నోట్లో వజ్రం

మా ఆయనకు ఆత్మకూరులో లేత్ షాపు ఉండేది. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు చేసేవాడు. తొంభైల చివర్లో, మద్రాసు ఫ్యాక్టరీలో పనిచేసే మా అన్న ఒక టిప్పు తెచ్చిచ్చాడు. టిప్పంటే లేతుకు బిగించి లోహాన్ని కోసే చిన్న నలుపలకల బిళ్ళ. దానిమీద వజ్రం పూత ఉందంటే, ఎంత మెరుస్తుందోనని ఎగబడి చూశాను. నా మొహం! పలక ముక్కలాగా బూడిదరంగులో ఉంది.

"అల్యూమినియానికి వాడు బావా. ఇనుము జోలికి మాత్రం పోబాక," అన్నాడు అన్న.

"వజ్రానికి ఇనుమొక లెక్కా!" అని నవ్వాడు మా ఆయన. ఎవరన్నా వద్దంటే అదే చేసే మనిషి. అన్న అటు బస్సెక్కాడో లేదో, ఇటు ఇనుప షాఫ్టు మీద పెట్టేశాడు. పూత ఉల్లిపొట్టులాగా లేచింది. వేడెక్కిన ఇనుము వజ్రాన్ని తినేస్తుందట. అదేం పొయ్యేకాలమో, ఆ టిప్పును జేబులో వేసుకుని భోజనానికొచ్చి, వెలుతుర్లో తిప్పి తిప్పి చూసి, మంచం మీద పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.

నేను కూర వడ్డించి తిరిగేసరికి అది మా పాప నోట్లో ఉంది. రెండేళ్ళు నిండని పిల్ల. వేలు పెట్టి లాగాను. నాలుక మీద నల్లటి పొడి.

ఉదయగిరి నుంచి వచ్చి ఉన్న మా అవ్వ గుండెలు బాదుకుంది. "వజ్రమంటనే తల్లీ! వజ్రం మింగితే పేగులు తెగిపోతాయే!"

మా వైపు ఇది అందరూ నమ్మే మాటే. ఉంగరంలోని వజ్రం నూరుకుని మింగి చచ్చిన జమీందార్ల కథలు ఈ అవ్వ చెబితేనే విన్నాను. పిల్లను చంకనేసుకుని, చెప్పుల్లేకుండానే డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. అది నవ్వుతూ నా కమ్మలు లాగుతుంటే, ఈ నవ్వు సాయంత్రానికి ఉంటుందా ప్రభువా అనుకున్నాను. వెనకాలే ఆయనా, అవ్వా.

డాక్టరు నాలుక చూసి, పొట్ట నొక్కి, అవ్వ వైపు తిరిగాడు. "వజ్రం విషం కాదవ్వా. బొగ్గుకు తోబుట్టువు. ఆ కాస్త పూత ఏమీ చెయ్యదు." నాకు ప్రాణం లేచొచ్చింది. బిళ్ళ ఏదీ అని అడిగి, కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. "దీనికి మూడు మూలలే ఉండాయే. నాలుగోది ఏమైంది?"

మా ఆయన బిళ్ళను తీసుకుని మూలలు తడిమాడు. "లేతు మీద ఇరిగిందో, పాప నోట్లో ఇరిగిందో... నేను పూత చూశానే గానీ మూలలు చూడలా సార్."

గాజుపెంకులాంటి ముక్క. లోపల ఉంటే, పూత కాదు, అది కోస్తుంది. అన్నం, అరటిపండు పెడితే దొడ్డిలో పడిపోవచ్చన్నాడు డాక్టరు. కడుపునొప్పి వచ్చినా, నెత్తురు పడినా నిలబడకుండా నెల్లూరుకు తీసుకుపొమ్మన్నాడు.

ఆయన షాపులో ఇనుప రజనంతా జల్లెడ పట్టాడు. ముక్క దొరకలేదు. పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం. నిద్రపోతే పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. అది దొడ్డికి కూర్చున్నప్పుడల్లా ఆయన అయస్కాంతం పట్టుకుని వచ్చి వెతికేవాడు. ఆ బిళ్ళ కొంచెం అయస్కాంతానికి అంటుకునే రకం. మాకున్న ఆశ అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం, "ఏమే, ఇట్రా!" అని కేక పెట్టాడు. అయస్కాంతం కొసన నువ్వుగింజంత ముక్క. కడిగి బిళ్ళ మూలకు ఆనించబోతే ఆయన చేతిలోంచి జారిపోయింది. నేనే తీసి పెట్టాను. సరిగ్గా కూర్చుంది.

"స్తోత్రం ప్రభువా!" అంది అవ్వ. అప్పటిదాకా అది లేతు మీదే విరిగుంటుందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిన్నటి నుంచీ నా బిడ్డ కడుపులోనే తిరిగిందని అప్పుడు తెలిసింది. పాప ఎత్తుకోమని చేతులు చాపింది. నా చేతులు లేవలేదు.

"అవ్వా, నువ్వెత్తుకో," అన్నాను.