పైడమ్మక్క చెయ్యి

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జంషెడ్‌పూర్‌లో ఒక ఖనిజ పరీక్షల ల్యాబ్‌లో ఇంజనీర్‌ని. ఖనిజపు పొడిని నీళ్లలో కలిపి, మందు వేసి, మరతో తిప్పుతూ గాలి పంపితే, కావలసిన ఖనిజం బుడగలకు అంటుకుని నురుగుతో పైకి తేలుతుంది. మర జోరు మారితే అది తేలే వేగమూ మారిపోతుంది. గడియారం చూసుకుంటూ ఆ నురుగును రేకుతో పళ్లేల్లోకి గీసేది పైడమ్మక్క. ఊరి శివార్లలోని పర్సుడీహ్ నుంచి వచ్చే కాంట్రాక్టు మనిషి, మన తెలుగామే. ఆమె చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున కదిలేది.

తొమ్మిదేళ్ల కిందట ఒక వారం ఫలితాలు కుదరలేదు. ఒకే ఖనిజం ఒకరోజు ఒకలా, మర్నాడు మరోలా తేలింది. పెద్దసార్ నన్ను పిలిచి, గీసే చేతిలో తేడా ఉందా అని అడిగారు. ఉండొచ్చన్నాను. అప్పటికి నాకు నిజంగా తెలియదు. మధ్యాహ్నం నా నోట్‌బుక్ తిరగేస్తే కనబడింది. వేరే పరీక్ష కోసం మర జోరు పెంచి, మళ్లీ తగ్గించడం మరిచిపోయింది నేనే.

సార్ గది పది అడుగుల దూరం. ఎందుకు లేవలేకపోయాను? నా ఉద్యోగం పర్మనెంటయ్యే సమయమనీ, రేపు ఆయన మూడ్ బాగున్నప్పుడు చెబుదామనీ, ఈలోగా ఆమెనేమీ అనరులే అనీ నాకు నేనే సర్దిచెప్పుకుంటూ కూర్చుండిపోయాను.

మర్నాడు ఆమెను పనిలోంచి తీసేశారు. వెళ్లేముందు నా దగ్గరికొచ్చింది.

"నా సెయ్యి వొణుకుతందని అంతన్నారమ్మా. మీరు పక్కనుండి సూత్తన్నారు గదా. నిజఁవేనేటి?"

"నేను సరిగా గమనించలేదక్కా."

చెయ్యి చాపి చూసుకుంది. "వయసైపోనాది కావాల," అంది.

నన్ను నమ్మింది. తన చేతిని నమ్మలేదు.

కిందటేడు పర్సుడీహ్ బజార్లో కనబడింది. బలవంతంగా టీ తాగించింది. "ఇంట్లో పాలగిన్ని కూడా నాను దించనమ్మా, కోడలే దించుతాది. నా సేతికి నిలకడ లేదు గదా," అని నవ్వింది. నిండు గ్లాసు నా చేతికందించింది. చుక్క తొణకలేదు. అప్పుడైనా చెప్పానా? లేదు. టీ బాగుందన్నాను.

ఇప్పటికీ ఆటో ఎక్కితే అరగంటలో ఆమె ఇంటికి చేరొచ్చు. ఎక్కలేదు. ఎక్కుతానో లేదో కూడా తెలియదు.

ఆమె చెయ్యి వణకలేదు. తప్పు చేసింది నేను. ఈ రెండు మాటలూ కాగితం మీద చూసుకుంటుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడకూడదేమో కూడా.