ఫ్యూజులతో అర్రలో కూర్చున్న రోజు

మా చిన్నప్పుడు... ట్రాన్స్‌ఫార్మర్ మా ఇంటి ముందరే ఉండేది. అది నారాయణఖేడ్ కరెంటాఫీసుదే అయినా, మా ఊరి సొంత ఆస్తి అన్నట్టే మసలేవాళ్లం. లైన్‌మెన్ నర్సింలు కాక స్తంభం ఎక్కే ముందు ట్రాన్స్‌ఫార్మర్ పింగాణీ ఫ్యూజులు మూడూ పీకి మా ఇంట్లో ఇచ్చిపోయేవాడు. ఆయన పైన ఉండగా ఎవరూ వాటిని తిరిగి పెట్టకుండా...

ఆ రోజు అమ్మానాన్నలు కంది చేనుకు పోయారు. ఇంట్లో నానమ్మ, నేను. కాక ఫ్యూజులు నా ఒళ్లో పెట్టాడు.

"బిడ్డా, నేనొచ్చి అడిగితెనే ఇయ్యి. ఇంకెవ్వలడిగినా ఇయ్యకు."

పొద్దెక్కింది... పిండి గిర్ని నడిపే సంగప్ప, కరెంటు లేక గిర్ని ఆగిందని అరుస్తూ వచ్చాడు. ఆయన గొంతు వినగానే నేను జొన్న బస్తాలు పెట్టే అర్రలోకి దూరి గొళ్లెం పెట్టుకున్నాను. కిటికీ లేదు... చీకటి, ఉక్క, గోనె వాసన.

"ఏ పోరీ! నర్సింలు ఎప్పుడో దిగిండు. ఇగ తే."

"కాకనే రమ్మను."

"ఆడ చాయ తాగుతుండే. నన్నే తెమ్మన్నడు. నేనేమన్న దొంగనా?"

నిజమే కావచ్చు... కాకపోవచ్చు. లోపలి నుంచి స్తంభం కనిపించదు. తలుపు బాదే చేతులు ఎక్కువయ్యాయి. చివరికి మా నానమ్మ కూడా...

"ఇయ్యరాదే మొండిదానా! మన జొన్నలు గూడ గిర్నిలనే ఉన్నయ్. రొట్టెలు దేంతోని జెయ్యాలె?"

ఆ మాటకు ఏడుపొచ్చింది. తలుపు తీస్తే కాక ఏమవుతాడో... తీయకపోతే నా వాళ్లే నాకు శత్రువులు. ఫ్యూజులను కడుపుకు అదుముకుని బస్తాల సందున ముడుచుకున్నాను. దప్పికకు నాలుక పిడచకట్టుకుపోయింది.

ఎంతసేపయిందో... బయట గొంతులన్నీ ఒక్కసారి ఆగాయి.

"బిడ్డా, నేనే. తియ్యి."

తీశాను. నర్సింలు కాక చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. నడుముకు తాడు అట్లే ఉంది. బయట ఎవరో చెప్పినట్టున్నారు, సంగప్ప వైపు తిరిగాడు.

"నేను చాయ తాగుతున్ననా సంగప్పా? నువ్వు గీ ఇంట్ల జొచ్చుడు పైకెల్లి చూసిన. ఒర్రితె ఇనవడదు. చేతిల ఉన్న తీగ ఇడిసిపెడితె కింద నడిచేటోళ్ల మీద పడుతది. దిగుదమంటె రాకపాయె నాకు."

నానమ్మ నా వైపు చూడకుండానే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు కరెంటు పోయే ముందే ఫోనుకు మెసేజ్ వస్తోంది. ఎప్పుడు తీస్తారో, ఎప్పుడిస్తారో అన్నీ ఉంటాయి... స్తంభం మీద ఎవరున్నారో మాత్రం ఉండదు. ఫ్యాను ఆగగానే ఇంట్లో అందరూ విసుక్కుంటారు. నాకు మాత్రం ఎవరో పైనుంచి మన ఇళ్ల వైపే చూస్తున్నట్టు ఉంటుంది...

మీ చిన్నప్పటి లైన్‌మెన్‌ను మీరు ఏమని పిలిచేవాళ్లు? గుర్తుంటే ఆ పేరు ఇక్కడ రాయండి.