సైబర్‌జయ నుంచి తెచ్చిన ఉయ్యాల

దెయ్యం, గాలి సోకడం లాంటి మాటలు వింటే నాకు నవ్వొచ్చేది. క్లాంగ్‌లో రబ్బరు గ్లవ్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే పని నాది. గ్లవ్‌కి చిల్లు ఉందో లేదో నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది. ఉందేమో, ఉండొచ్చేమో అనే మాటలు మా దగ్గర చెల్లవు. ఇంట్లో కూడా నా ధోరణి అదే. అందుకే ఇది చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అంతకన్నా ఎక్కువగా భయంగా ఉంది.

మా పాప పుట్టక ముందు ఉయ్యాల కోసం వెతికాను. ఇక్కడ పసిపిల్లలున్న ఇళ్లలో 'బువాయి' అనే ఉయ్యాల తప్పకుండా ఉంటుంది. ఇనప స్టాండు, పైన చిన్న మోటారు, దానికి వేలాడే స్ప్రింగు, స్ప్రింగు కొక్కేనికి లుంగీలాంటి సారోంగ్ గుడ్డ. బిడ్డను వేస్తే బరువుకి స్ప్రింగు సాగి గుడ్డ కిందికి దిగుతుంది. తీసేస్తే స్ప్రింగు ముడుచుకుని గుడ్డ పైకి లేస్తుంది.

కొత్తది దండగనిపించి, పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో చూశాను. నా ప్రాణం విసిగిపోయింది. ఫోటోలో తళతళలాడేది, వెళ్లి చూస్తే తుప్పు పట్టి ఉండేది. ఒకావిడ రమ్మంది. నిండు కడుపుతో అంత ట్రాఫిక్‌లో వాళ్ల గుమ్మం దాకా వెళ్లాక "సోల్డ్ లా, సారీ" అని, మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే 'లా'తో సహా మెసేజ్ పెట్టింది. ఇలాంటివాళ్లు బాగుపడరని కారులో కూర్చుని దారి పొడుగునా తిట్టాను.

చివరికి సైబర్‌జయలో ఒక అపార్ట్‌మెంట్‌లో దొరికింది. తలుపు తీసినావిడది ఇంచుమించు నా వయసే. హాల్లో ఉయ్యాల గుడ్డ బాగా కిందికి దిగి, మెల్లగా ఊగుతోంది. బిడ్డ పడుకుందనుకుని నేను గొంతు తగ్గించి, తర్వాత రమ్మంటారా అని అడిగాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత, ఎవరూ లేరు, తీసుకెళ్లిపోండి అంది. నేను బేరం మొదలుపెట్టకముందే తనే ధర తగ్గించింది. నాతో వచ్చిన మా ఆయన దగ్గరికెళ్లి చూస్తే గుడ్డలో నిజంగానే ఏమీ లేదు.

స్ప్రింగు వదులైపోయిందేమోనని ఇంటికొచ్చాక లాగి చూశాను. కొత్తదానిలా బిగువుగా ఉంది. మంచి బేరమే తగిలిందని సంతోషపడ్డాను.

మా ఇళ్లలో అప్పుడే పుట్టిన బిడ్డను కొత్తగుడ్డలో వెయ్యరు. బాగా బతికిన పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన చీరలోనే వేస్తారు. బాగన్ దాతుక్‌లో ఉండే మా అత్తమ్మ తన చీర తెస్తానంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ రాక ఆలస్యమైంది. కావలసింది పాతగుడ్డే కదా అని, ఉయ్యాలతో వచ్చిన సారోంగ్‌నే ఉతికి కట్టేశాను. అది ఎవరి పాతగుడ్డ అన్న ఆలోచన నాకు రాలేదు.

అందులో వేస్తే పాప ఇక లేచేది కాదు. ఆకలికి ఏడ్చేది కాదు, పక్క తడిసినా కదిలేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. బరువు పెరగడం లేదని క్లినిక్‌లో చెప్పారు. డాక్టరమ్మ అన్నీ చూసి ఏ లోపమూ లేదంది. నేనే లేపి పాలు పట్టేదాన్ని. ఒళ్లోకి తీసుకున్నా పాప నా వైపు చూసేది కాదు. తల తిప్పి ఖాళీ ఉయ్యాల వైపే చూసేది.

అత్తమ్మ వచ్చిన రోజు సంచీ కూడా దించకుండా ఉయ్యాల దగ్గరికి వెళ్లింది.

"ఎవుల గుడ్డే ఇది?"

"ఉయ్యాలతోనే వచ్చింది అత్తా. బాగా ఉతికినాను లా."

"ఓలమ్మో! ఎవుల బిడ్డదో ఏటో తెలీకుండా మన పిల్లని ఏసినావా? ఆ బిడ్డ ఉందో నేదో అడిగినావా?"

అడగలేదు. అత్తమ్మ పాపను తీసి తన గుండెకు హత్తుకుంది. అప్పట్నుంచీ పాప ఆవిడ పక్కన చాప మీద పడుకుంది. మర్నాడు పాల కోసం గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. పాప మెల్లగా బరువు పెరిగింది.

ఇది కూడా మామూలు సంగతేనని నాకు నేను చెప్పుకున్నాను. ఉయ్యాలను అదే యాప్‌లో అమ్మకానికి పెట్టాను. ఫోటో బాగా రావాలని ఆ సారోంగే మళ్లీ తగిలించి తీశాను. "ఉందా?" అని అడిగి మాయమయ్యేవాళ్లు, "చివరి ధర ఎంత?" అని పొద్దస్తమానం వేధించేవాళ్లు. ఒకాయనైతే స్ప్రింగు పాడైందని, సగానికి ఇమ్మని పట్టుబట్టాడు. ఎవరు చెప్పారని కోపంగా రాశాను. మీ ఫోటోలోనే కనిపిస్తోంది కదా అన్నాడు.

ఫోటో తెరిచి చూశాను. స్ప్రింగు బాగా సాగి ఉంది. గుడ్డ అడుగున గుండ్రంగా బరువు దిగి ఉంది. తలెత్తి చూస్తే ఎదురుగా ఉయ్యాల ఖాళీగా, పైకి లేచి ఉంది. ఇంకో ఫోటో తీశాను. అందులోనూ గుడ్డ కిందికే ఉంది. మూడోది తీయడానికి ధైర్యం చాల్లేదు.

ఎలాగైనా ఇంట్లోంచి పోతే చాలనుకున్నాను. ఆ వారాంతం ఈపో నుంచి ఒక తమిళ జంట వస్తామన్నారు. పట్టపగలు, ఎండ నేరుగా హాల్లోకి పడుతోంది. పాప వెనక వరండాలో అత్తమ్మ దగ్గర ఉంది. ఆ అమ్మాయి నిండు గర్భిణి. గుమ్మంలోనే ఆగిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పాప్పా తూంగుదా, అక్కా?" అంది గుసగుసగా. పాప నిద్రపోతోందా అని.

మొగుడు కూడా చెప్పుల చప్పుడు కాకుండా అడుగు వెనక్కి వేశాడు. ఇద్దరూ నా వెనక్కి చూస్తున్నారు. నేను తిరిగి చూడలేకపోయాను. చూడక్కర్లేకుండానే వినిపించింది, స్ప్రింగు మెల్లగా కీచుమనడం. మోటారు ప్లగ్గు నేనే ఊడదీసి ఉంచాను.

ఆ అమ్మాయి కడుపు వైపు చూశాను. సైబర్‌జయ ఆవిడ నా ముఖంలోకి అంతసేపు ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది. నేను ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడినప్పుడు ఆవిడకి అంతా తెలుసు. తెలిసే ఇచ్చింది.

"అమ్ముడుపోయింది, సారీ" అన్నాను.

అంత దూరం నుంచి రప్పించి ఇప్పుడా చెప్పేదని ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో తిట్టింది. యాప్‌లో నాకు ఒక్క స్టార్ ఇచ్చింది. తిట్టనీ. ఆమె బిడ్డ క్షేమంగా ఉంటే నాకంతే చాలు.

సైబర్‌జయ ఆవిడకు మెసేజ్ పెట్టాను, మీ బిడ్డ బాగుందా అని. చదివినట్టు టిక్కులు పడ్డాయి. జవాబు ఇంతవరకూ రాలేదు.

చెత్తకుప్ప దగ్గర పడేద్దామంటే, ఇక్కడ ఎవరో ఒకరు ఎత్తుకెళ్లి తుడిచి మళ్లీ అమ్మకానికి పెడతారు. అందుకే స్టాండు విప్పి, దాని గుడ్డ దానికే చుట్టి స్టోర్ రూములో పెట్టాం. తలుపుకి తాళం వేశాం.

ఇంక పాప సంగతి ఒక్కటి చెప్పాలి. ఇప్పుడది ఇల్లంతా పరిగెత్తుతూ గట్టిగా అరిచి గోల చేస్తుంది. ఆ ఉయ్యాల గురించి మేం దాని ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. అయినా స్టోర్ రూము ముందుకి రాగానే మునివేళ్ల మీద నడుస్తుంది. నేను పిలిస్తే పెదవుల మీద వేలు పెట్టుకుని, మాట్లాడొద్దని నాకు సైగ చేస్తుంది.