సున్న్

రాయపూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో అక్కడే స్థిరపడిన ఒక తెలుగు పెద్దావిడకు చెప్పాల్సిన మాట నేను ఆ రోజు చెప్పలేదు.

అప్పట్లో నేను ఆ గదిలో కాళ్ళనొప్పులున్న ప్రయాణికులకు డబ్బు తీసుకుని అరికాళ్ళు నొక్కి, పైన వేడినిచ్చే ఎర్రకాంతి ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టేవాణ్ణి. ఆమెకూ పెట్టి, "నొప్పెలా ఉందమ్మా?" అన్నాను.

"సున్న్ బాబూ, బిల్కుల్ సున్న్."

"విన్నారా? నొప్పి సున్నా!" అని పక్కవాళ్ళతో గొప్పగా అన్నాను. దీపం ఇంకాసేపు ఉంచాను. సున్న్ అంటే హిందీలో మొద్దుబారడమని తట్టేసరికి అరికాలు కమిలిపోయింది. పరువు పోతుందని నోరు విప్పలేదు.

నెల తర్వాత అదే గదిలో కనిపించింది. కాలికి కట్టుంది. వంగి ఆ పాదాలు పట్టుకున్నాను. ఆమె తిల్దా ఊరికి వెళ్ళే బండి కోసం తలుపు వైపే చూస్తోంది. నేను పట్టుకున్నట్టు ఆమెకు తెలియలేదు.

అందుకని పైకే చెప్పాను.

"అమ్మా, కాల్చింది నేనే. తెలిసీ చెప్పలేదు. నన్ను మన్నించు."