మొతీబి మావయ్య కడిగిన మంద

మా మొతీబి మావయ్యకు తాగుడు లేదు, జూదం లేదు, ఒకరి జోలికి వెళ్లడం అసలే లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. కంటికి కనబడ్డదాన్నల్లా కడగాలి.

ఒకసారి ఉప్పు కడిగాడు. నేను కల్పించి చెప్పడం లేదు, మా అమ్మ కళ్లారా చూసింది. కొట్టునుంచి తెచ్చిన ఉప్పులో నాలుగు నల్ల నలకలు కనబడ్డాయట. బేసినులో పోసి, రెండుసార్లు నీళ్లు మార్చి, చేత్తో గట్టిగా కలియబెట్టాడు. చివరికి బేసినులో ఆ నాలుగు నలకలే మిగిలాయి.

"చూశావా అక్కా, ఉప్పని చెప్పి వాడు నాకు అమ్మింది మొత్తం మురికే!" అన్నాడు.

ఇలాంటి మనిషి ఏ నది ఒడ్డునో పుట్టాల్సింది. ఎడారి అంచున ఉన్న మా కాన్యె ఊళ్లో పుట్టాడు. మా వీధి కుళాయి తిప్పితే ముందు గాలి వచ్చేది, తర్వాత ఒక బల్లి వచ్చేది, అదృష్టం బాగుంటే ఆ తర్వాత నీళ్లు వచ్చేవి. అందుకని మావయ్య ఒక్క బేసిను నీళ్లతో మూడు పనులు చేసేవాడు. ముందు మొహం, తర్వాత చెప్పులు, ఆ తర్వాత గాడిద బండి చక్రాలు. మిగిలిన నీళ్లు వీధిలో కుమ్మరించగానే పక్కింటి పెలొనొమి తల్లి తలుపులోంచి తల బయటపెట్టి "పులా!" అని అరిచేది. వాన అని అర్థం. సభల్లో, పెళ్లిళ్లలో మేమంతా ఒక్క గొంతుతో అరిచే దీవెన అది. ఆవిడ నోట్లో మాత్రం అచ్చమైన వెక్కిరింత.

"అరుచుకో అమ్మా, అరుచుకో. నీ గడప చూస్తే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఏ రోజో వచ్చి దాన్నీ కడిగేస్తాను" అనేవాడు మావయ్య. అన్నట్టే ఒక ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లి వచ్చేలోపు కడిగేశాడు.

ఇరవై రెండేళ్లు జొహాన్నెస్‌బర్గ్ బంగారు గనుల్లో, భూమి అడుగున పనిచేసి వచ్చాడు మావయ్య. "నా వంతు దుమ్ము నేను తినేశానే మేనకోడలా. ఇకమీద దుమ్మే నన్ను చూసి పారిపోవాలి" అనేవాడు నాతో. పారిపోయేది కూడా. దుమ్ముతోపాటు మా కోళ్లు కూడా పారిపోయేవి, ఎందుకంటే వాటికీ ఆయన దగ్గర మినహాయింపు లేదు. మా ఆచారంలో విందుల్లో కోసిన మేక తల మేనమామ హక్కు. ఆ తలను సబ్బు పెట్టి ఎంత కడిగేవాడంటే, వండాక అది మేకో మరొకటో నాలుక్కి తెలిసేది కాదు.

మా అక్క కెనీల్వెకు తొలి కాన్పులో కొడుకు పుట్టినప్పుడు జరిగిన సంగతి చెబుతాను.

అక్క పురిటికి మా ఇంటికే వచ్చింది. మాలో బాలింత ఉన్న గది గుమ్మానికి అడ్డంగా ఒక దుంగ పెడతారు. మూడు నెలలు గడిచి, బిడ్డను బయటికి తెచ్చి పండగ చేసేదాకా మగవాళ్లెవరూ ఆ దుంగ దాటకూడదు. మావయ్య రోజూ పొద్దున్నే వచ్చి దుంగకు ఇవతల కూర్చునేవాడు.

"కెనీల్వే! పిల్లాడికి స్నానం చేయించారా?"

"చేయించారు మావయ్యా."

"చెవుల వెనక రుద్దారా?"

"రుద్దారు మావయ్యా."

"మెడ మడతల్లో? అక్కడే దాక్కుంటుంది మురికి."

"మొతీబీ!" అని లోపల్నుంచి మా అమ్మ గొంతు. "నువ్వు నోరు మూసుకుని వెళ్తావా, నన్ను బయటికి రమ్మంటావా?"

మావయ్య నోరు మూసుకునేవాడు కానీ వెళ్లేవాడు కాదు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. నాలుగో రోజు నేను చూసేసరికి ఆ దుంగను కడుగుతున్నాడు. మూడు నెలలు పూర్తయ్యేసరికి దాని బెరడంతా ఊడిపోయి ఏనుగు దంతంలా మెరిసింది.

ఇక పండగ వారం రోజులుందనగా మా అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మా చిన్నప్పటి బొమ్మలన్నీ ఇంటి వెనక పాత ధాన్యపు గుడిసెలో పడి ఉన్నాయి. వాటిని బయటికి తీసి, శుభ్రం చేసి, మనవడి ముందు పెడదామంది. అమ్మ ఈ మాట అన్నది నాతో, వంటింట్లో, గొంతు తగ్గించి. అయినా మావయ్య ఎలా విన్నాడో, బేసిను చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆయన మొహం చూస్తే పండగ ఆయనకే అనిపించింది.

ముందు మా తీగ లారీ బయటికొచ్చింది. పాత కంచె తీగ వంచి చేసిన బండి, బూటు పాలిష్ డబ్బీల మూతలు దాని చక్రాలు. తుప్పు పట్టి, సాలెగూళ్లతో నిండిపోయి, డ్రైవరు సీట్లో ఒక చచ్చిన తేలుతో ఉంది. మావయ్య బూడిదా ఇసకా సబ్బూ కలిపి పూటంతా తోమాడు. తీగల మధ్య సందుల్లోకి కోడి ఈకను దూర్చి దుమ్ము లాగాడు. చివర్న కొవ్వు రాశాడు. సాయంత్రానికి లారీ తళతళలాడింది. ఆ కొవ్వు వాసనకు పెలొనొమి తల్లి కుక్క దాన్ని ఎత్తుకుపోయింది. మావయ్య దాని వెంట ఊరంతా పరుగెత్తి లారీని వెనక్కి తెచ్చాడు, మళ్లీ మొదట్నుంచి కడిగాడు. కుక్కను కూడా కడిగాడు.

తర్వాత అక్క గుడ్డ బొమ్మ. అది నల్లటి బొమ్మ అని నేను పుట్టిన దగ్గర్నుంచీ అనుకుంటున్నాను. మావయ్య మూడోసారి ముంచి తీసేసరికి దాని గౌను మీద పసుపు పూలు కనబడ్డాయి. దుంగ అవతలనుంచి అక్క చూసి "అది నా బొమ్మ కాదు!" అని గొడవపెట్టుకుంది. బొమ్మ కడుపులోని ఊకంతా కుళ్లిందని తీసేసి, మావయ్య దాంట్లో కొత్త జొన్నలు కూరి కుట్టాడు. కుట్టాక మెడ దగ్గర చిన్న మరక కనబడింది. ఇంకేముంది, మళ్లీ కడిగి నీడన ఆరేశాడు. మూడో రోజుకల్లా బొమ్మ చెవుల్లోంచి, చంకల్లోంచి మొలకలు వచ్చాయి.

మా అమ్మ ఆ మొలకలు చూసి తల పట్టుకుంది. కాసేపటికి తలమీంచి చెయ్యి తీసి, బొమ్మ పొట్ట విప్పి, మొలకెత్తిన జొన్నల్ని ఎండబెట్టి పండగ బీరు కుండలో కలిపేసింది. ఆ ఏడు మా ఇంటి జొన్న బీరు ఊళ్లో పేరు తెచ్చుకుంది. దాంట్లో ఏముందో మేమెవరికీ చెప్పలేదు.

ఇంక మిగిలింది ఒక్క పెట్టె. మా నాన్న పెట్టె.

మా నాన్నకు ఒకప్పుడు నలభై రెండు పశువులుండేవి. ఆరేళ్ల కరువులో ఒక్కటి కూడా మిగలలేదు. కంచె మాత్రం మిగిలింది. ఆ ఖాళీ కంచె పక్కన కుర్చీ వేసుకుని, పశువులు ఇంకా లోపలే ఉన్నట్టు కూర్చునేవాడు. ఆయనకు మిగిలిన మంద ఆ చెక్క పెట్టెలో ఉంది. పదేళ్ల వయసులో ఊరికి దూరంగా పశువుల దొడ్డి దగ్గర మందను కాస్తూ, వాగు మట్టితో చేసి ఎండలో ఆరబెట్టుకున్న తొమ్మిది ఆవులు, ఎడ్లు. ఒక్కొక్కదానికి ఒక్కో కొమ్ము తీరు, ఒక్కో పేరు. బిడ్డ బయటికొచ్చే రోజున తాత ఒక పశువును మనవడి పేరు మీద పెట్టడం మర్యాద. చేతిలో నిజం పశువు లేదు. అందుకని నుదుట బూడిద పూసిన మట్టి బొల్లావును అందరి ముందూ వాడి చేతిలో పెడతాననీ, మంద మళ్లీ లేచాక దాని పేరున నిజం ఆవును ఇస్తాననీ వీధి వీధంతా చెప్పుకున్నాడు. అంతగా మాట్లాడని మనిషి, ఆ వారమంతా అదే మాట మాట్లాడాడు.

పండగ రెండు రోజులుందనగా మావయ్య ఆ పెట్టె కోసం గుడిసెలో దూరాడు. చాలాసేపు లోపల్నుంచి చప్పుడు లేదు. తర్వాత తల బయటపెట్టాడు.

"ఈ పెట్టెను అటక మీద పెట్టమన్నాడు కదా మీ నాన్న. నేల మీద ఎవరు పెట్టారే?"

"నేనే మావయ్యా. పోయిన వానలకు ముందు. బరువుగా ఉందని, తర్వాత ఎత్తుదామని..." అన్నాను. ఆ 'తర్వాత' నాకు ఆ క్షణందాకా గుర్తుకు రాలేదు.

"ఊఁ" అన్నాడు మావయ్య. కాసేపు నా మొహం వంక చూశాడు. "సరే గానీ, మా ఇంట్లో గూట్లో కొత్త సబ్బుంది, పరుగెత్తుకెళ్లి పట్రా."

నేను సబ్బుతో తిరిగి వచ్చేసరికి వాకిలంతా గగ్గోలుగా ఉంది. మావయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతులదాకా ఎర్ర మట్టి. ముందు బేసిను, బేసిను నిండా బురద. చెక్క పెట్టె వంటింటి పొయ్యిలో మండుతోంది. మా అమ్మ గరిటె పట్టుకుని ఆయన నెత్తి మీద నిలబడి ఉంది.

"మట్టి ఆవుల్ని నీళ్లలో ముంచుతార్రా? పశువులు కాసే పెరిగావు కదరా! ఊళ్లో బుడ్డ పిల్లాడిని అడిగినా చెబుతాడు కదరా!"

"మురికిగా కనబడ్డాయి అక్కా. చెయ్యి ఆగలేదు."

"ఆ పెట్టెనెందుకు తగలబెట్టావ్?"

"అది ఇంకా మురికిగా ఉంది."

గోడ మీంచి పెలొనొమి తల్లి చూసి "పులా!" అనబోయి, మా నాన్న రావడం చూసి ఆపేసుకుంది. నాన్న వచ్చి బేసినులోకి చూశాడు. కంచె పక్కకు వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్ని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. ఊరంతా నెత్తీ నోరూ బాదుకుంది కానీ ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఉప్పు కడిగినవాడు ఆవుల్ని కడగడా? నాకూ కోపం వచ్చింది. కోపం వెనక, సిగ్గులేకుండా, కొంచెం హాయి కూడా కలిగింది. పెట్టె ఎక్కడ పెట్టావని నన్నిక ఎవరూ అడగరు.

మావయ్య బేసిను ఎత్తుకుని వెళ్లి నాన్న కాళ్ల దగ్గర పెట్టాడు.

"బావా, మట్టి ఎక్కడికీ పోలేదు. ఒక్క పలుకు కూడా పారబొయ్యలేదు. నీ మంద మొత్తం ఇందులోనే ఉంది."

"నా చేతులు ముసలివయ్యాయి. నన్నొదిలెయ్యి."

"అయితే నేనే చేస్తాలే" అని మావయ్య కింద కూర్చుని ఒక ముద్ద తీసుకున్నాడు. కాసేపు పిసికి, దానికి నాలుగు కాళ్లు అతికించి, నాన్న మోకాలి మీద నిలబెట్టాడు. అటూ ఇటూ కాకుండా నిలబడింది అది.

నాన్న ఓరగా చూశాడు. "ఏంటది?"

"నీ బొల్లావు."

"అది ఆవా? పందిలా ఉంది."

"కొమ్ములు పెడితే సరిపోతుంది" అని మావయ్య రెండు కొమ్ములు పెట్టాడు, చెవులకు కింద.

"ఒరేయ్! కొమ్ములు అక్కడా ఉంటాయి? ఇటివ్వు! ఇటిమ్మంటే!" అని నాన్న కుర్చీలోంచి లేచి నేల మీద చతికిలబడ్డాడు.

ఇక అంతే. సాయంత్రందాకా ఇద్దరూ ఆ బేసిను పక్కన తిట్టుకుంటూ కూర్చున్నారు. మూపురం ఎత్తు గురించి ఒక గంట, తోక గురించి ఒక గంట. తొమ్మిది పశువులు కరిగిన మట్టిలోంచి నాన్న పదకొండు పశువుల్ని లేపాడు. "ఈనాయిరా మొతీబీ!" అని ఆయన నవ్వుతుంటే మా అమ్మ గరిటె పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. మావయ్య అంతసేపూ మట్టి చేతులతోనే ఉన్నాడు. ఆ వింత చూడ్డానికి జనం గుంపులుగా వచ్చి వెళ్లారు.

పొయ్యి దగ్గర కూర్చోబోతుంటే నా జేబులో ఏదో గుచ్చుకుంది. తీసి చూశాను. సబ్బు. కాగితం కూడా విప్పని కొత్త సబ్బు.

ఒక్క ఉప్పు తప్ప, మా మావయ్య సబ్బు లేకుండా కడిగిన వస్తువు ఈ లోకంలో లేదు. గాడిద బండికి సబ్బు, మేక తలకు సబ్బు. ఆయన ఆ రోజు ఆవుల్ని కడగనే లేదు.

లేచి గుడిసెలోకి వెళ్లాను. నేను పెట్టె పెట్టిన చోట నేల చతురస్రంగా తడి మరక కట్టి, చెదలు కట్టిన మట్టి గొట్టాలతో నిండి ఉంది. పైన కప్పులో చిల్లు. వానకు తడిసి, చెదలు తొలిచి, మా నాన్న మంద నా బద్ధకం వల్ల ఎప్పుడో ముద్దయిపోయింది. నన్ను సబ్బుకు పంపించి, పెట్టెను పొయ్యిలో పెట్టి, ముద్దను బేసినులో కలిపి ఆ తప్పు తన నెత్తిన వేసుకున్నాడు మావయ్య. నేను చేశానంటే నాన్న ఎంత బాధపడేవాడో. మావయ్య చేశాడంటే ఎవరూ రెండో మాట అడగలేదు.

పండగ రోజు బిడ్డను దుంగ దాటించి బయటికి తెచ్చారు. నాన్న అందరి ముందూ బొల్లావును మనవడి గుప్పిట్లో పెట్టి, "ఇది నీదిరా. దీని పిల్లలు కూడా నీవే" అన్నాడు. ఇంకా పూర్తిగా ఆరని ఆవు. వాడు దాన్ని సరాసరి నోట్లో పెట్టుకుని మూపురం దాకా నాకేశాడు. ఆడవాళ్లు కేకలు పెట్టారు. అందరూ మావయ్య వైపు తిరిగారు. ఆయన చేతిలో బేసిను ఎప్పుడు ప్రత్యక్షమవుతుందా అని చూశారు.

మావయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఉండనివ్వండి. దాన్ని కడగకూడదు" అన్నాడు.

తర్వాత పెలొనొమి తల్లి "పులా!" అని అరిచింది. ఈసారి వెక్కిరింత కాదు. ఊరంతా అందుకుంది.

ఆ సందట్లో నేను మావయ్య పక్కకు చేరి, చెవిలో అన్నాను. "మావయ్యా, ఆ రోజు సబ్బు నా జేబులోనే ఉండిపోయింది."

ఆయన నావైపు చూడలేదు. బీరు గుక్క వేసి, మూతి తుడుచుకుని, అంతే మెల్లగా అన్నాడు.

"జాగ్రత్తగా దాచుకో. ఎవరితోనైనా అన్నావంటే, దాంతోనే నీ నోరు కడుగుతాను."