బడి వాకిలికి వేపమండ

ఆ రోజుల్లో మేం దెయ్యాలకంటే స్కూళ్ల ఇన్‌స్పెక్టరుకే ఎక్కువ భయపడేవాళ్లం. ఈ మాట ఇప్పుడెందుకంటే, తనిఖీకి అధికారి వస్తున్నాడని తెలిసి ఒక టీచరమ్మ బడికి తాళం వేసి వెళ్లిపోయిందని నిన్న పేపర్లో పడింది. మా కోడలు చదివి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా కుడిచెయ్యి దానంతటదే వెళ్లి ఎడమ భుజాన్ని తడుముకుంది.

అరవైల మొదట్లో, పంతొమ్మిదేళ్లకే ట్రైనింగు ముగించి, కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాలకి వెళ్లాను. మూడు రోజులు అన్నం మానేసి (అమ్మ చాటుగా పెట్టిన అటుకులు అన్నం కిందికి రావు) నాన్నని ఒప్పించిన ఉద్యోగం. "ఒక్క మాట వచ్చిందంటే మళ్లీ గడప దాటేది లేదు" అని ఆయన ముందే చెప్పాడు. అలాంటిది, ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురందిన రోజున బడిలో ఒక్క పిల్లవాడూ లేడు. వేరుశనగ పీకే రోజులు, పిల్లాజెల్లా అంతా చేలల్లోనే ఉన్నారు. ఖాళీ బడి చూసి ఆయన ఏం రాస్తాడో అనుకుంటూ వాకిట్లోకీ లోపలికీ తిరిగాను. అప్పుడు కనిపించింది బడి పక్కన వేపచెట్టు. మశూచి సోకిన ఇంటికి, అంటే అమ్మవారు పోసిన ఇంటికి, వాకిట్లో వేపమండ కడతారు. అది చూస్తే ఎంతటివాడూ లోపల అడుగు పెట్టడు. స్టూలెక్కి రెండు మండలు కట్టి, తలుపేసుకుని కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టరు గారు సైకిలు మీద వచ్చారు. మండ చూసి ఆగారు. చెప్పులు విడిచి, దూరం నుంచే దణ్ణం పెట్టి, "చల్లగా చూడు తల్లీ" అని సైకిలు తిప్పేశారు. కిటికీ సందులోంచి చూసి నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం సాయంత్రం దాకే. నేను అద్దెకున్న ఇంటి అవ్వ బడి వైపు వచ్చింది.

"ఎవురికి మే పోసింది?"

"ఎవరికీ లేదవ్వా. ఇన్‌స్పెక్టరు రాకుండా నేనే కట్టాను."

అవ్వ గుండెలు బాదుకుంది. "అమ్మ లేని చోట మండ కట్టినావంటే రమ్మని పిలిచినట్టే గదా! ఎంత పని చేసినావు మే!"

సైన్సు చదువుకున్నదాన్నని గట్టిగా గుర్తు చేసుకున్నాను. ఏమీ లాభం లేకపోయింది. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుంటే మెడ మీద ఎర్రటి పొక్కులు! నాతోపాటు ఊరి పిల్లలందరినీ చంపుకున్నానని భోరుమన్నాను. అవ్వ దీపం దగ్గరికి తెచ్చి చూసి, "చెమటకాయలు మే" అంది. నేను నమ్మలేదు.

తెల్లారేసరికి పెట్టె పట్టుకుని టీకాలవాళ్లు దిగారు. వెనకే ఇన్‌స్పెక్టరు గారు (కబురు పెట్టింది ఆయనే). గుచ్చి గుండ్రంగా తిప్పే టీకా అది. ఊరంతా సరుగుడు తోపులోకి పరుగు. "ముందు మీరు వేయించుకోండి టీచరు గారూ, అప్పుడు వాళ్లొస్తారు" అన్నాడు టీకాలాయన. సూది తగలకముందే నేను పెట్టిన కేక సముద్రం దాకా వినిపించి ఉంటుంది.

"టీచరమ్మ ఏడస్తా ఉండాది, రండి రా!" అంటూ పిల్లలందరూ పరుగెత్తుకొచ్చారు. వారం రోజులుగా నాకు కనిపించని మొహాలు కూడా! నన్ను చూసి నవ్విన తర్వాత పారిపోవడానికి వాళ్లకి మొహం చెల్లలేదు. వరసగా చేతులు చాపారు.

"ఇంతకీ ఎవరికి పోసింది?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఈ పిల్లకే అనుకున్యాం సార్. చెమటకాయలంట" అంది అవ్వ, నా మెడ చూపించి.

ఆయన తలలు లెక్కపెట్టుకుని, "హాజరు సంతృప్తికరం" అని రాసి వెళ్లారు.

ఆ వేసవిలో చుట్టుపక్కల పల్లెల్లో అమ్మవారు పోసింది. మా పల్లెలో ఒక్క బిడ్డకీ పొయ్యలేదు. మండ కట్టి మర్యాదగా పిలిచినందుకు అమ్మ చల్లబడి వెళ్లిపోయిందని అవ్వ ఊరంతా చెప్పింది. అది టీకా మహిమని పిల్లలకి చెప్పాల్సిన టీచర్ని, నేను నోరు మెదపలేదు. అవ్వ ముందు నాకు నోరెక్కడిది?

భుజం మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని తడుముకుంటుంటే, స్టూలెక్కి మండలు కడుతున్న ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల మీద జాలీ ముద్దూ రెండూ వచ్చాయి.

"నవ్వబాకమ్మా" అన్నాను కోడలితో. "పాపం, ఆ బడి పక్కన వేపచెట్టు ఉండుండదు."